పెరటి పిట్ట, గెనిమ పిట్ట

మదనపల్లె టమాటా తోటల దగ్గరో, పుంగనూరు చెరువు గట్లనో, కుప్పం వైపు రాగిచేల అంచునో కాస్త ఓపికగా నిలబడండి. పది గ్రాములైనా తూగని పిట్ట ఒకటి, ఒంటికి మించిన తోకను నిక్కించుకుని కనబడవచ్చు. “ఓస్, పిచ్చుక!” అని సాగిపోకండి. అది ప్రినియా. వార్బ్లర్ల కోవలోది. మన సీమలో వీటిలో రెండు రకాలు అక్కచెల్లెళ్లలా కలగలిసి తిరుగుతుంటాయి. అందుకే తికమక.

బూడిద ప్రినియాకు వీపు బూడిదరంగు, కడుపు లేత కావిరంగు. సాదా ప్రినియాకు ఒళ్లంతా ఎండుగడ్డి రంగు, కంటిపైన తెల్లని కనుబొమ. రెండింటికీ శాస్త్రనామం పెట్టినవాడు ఒక్కడే. 1832లో కర్నల్ సైక్స్ మొదటిదాన్ని ‘కలుపుగోలుది’ అనీ, రెండవదాన్ని ‘సొమ్ములు లేనిది’ అనీ లాటిన్‌లో పిలిచాడు.

రంగు సరిగా కనబడలేదా? చెవి ఒగ్గండి. బూడిద ప్రినియా బెదిరితే నిప్పురవ్వలు చిట్లినట్లు చిటపటమంటూ ఎగురుతుంది. సాదా ప్రినియా పాట మిడత గీపెట్టినట్లుంటుంది. గుడ్లు చూస్తే ఇక అనుమానమే ఉండదు. మొదటిదానివి నిగనిగలాడే ఇటుకరంగు. రెండవదానివి లేత నీలిపచ్చ, వాటిమీద ఎర్రమట్టి మరకలు. అయితే చూడాలని గూడు కదిలించకండి సుమా!

అసలు తేడా కాపురంలో ఉంది. బూడిద ప్రినియాకు మనుషులంటే జంకు తక్కువ. పెరట్లో పొద ఉంటే చాలు, దర్జీ పిట్టలాగా ఆకులు కలిపి కుట్టి గూడు కట్టేస్తుంది. సాదా ప్రినియాకు గడ్డి కావాలి. గడ్డిపోచలు చీల్చి, ఆ గడ్డి దుబ్బుల్లోనే సంచిలాంటి గూడు అల్లుకుంటుంది.

మరి గెనిమల మీది గడ్డిని తగలబెట్టినా, కలుపుమందు కొట్టి మాడ్చినా ఏమవుతుంది? అక్కకు మన పెరడైనా ఉంది. చెల్లెలికి నిలువ నీడ ఉండదు. రెండూ పురుగులు తిని బతికేవే. చేనుకు మేలు చేసేవే.

గెనిమ శుభ్రం చేయవద్దని రైతుకు చెప్పలేము. ఒక మూల రెండు బారల గడ్డిని వానకాలం వెళ్లేదాకా వదిలేస్తే చాలు. దాని అద్దె ఆ పిట్ట పురుగుల లెక్కన చెల్లించుకుంటుంది.