వెలుగు అమ్మినవాడే పాదరసం మోయాలి

మాడిపోయిన ట్యూబ్‌లైటును ఎవరూ కొనరు. పాత ఇనుము, పాత పేపర్లు అని కేకేసుకుంటూ వీధిలోకి వచ్చే మనిషి విరిగిన ప్లాస్టిక్ కుర్చీని కొంటాడు, తుప్పుపట్టిన డబ్బాను తూకం వేస్తాడు, ఖాళీ బీరు సీసాలకు లెక్క కడతాడు. ట్యూబ్‌లైటు చూపిస్తే మాత్రం వద్దని చెయ్యి ఊపేస్తాడు. అందులో అతనికి గిట్టేవి రెండు కొసల్లో ఉన్న అల్యూమినియం మూతలే. మిగతాదంతా గాజు, తెల్లటి పొడి, ఆ పొడిలో ఇంకిపోయిన పాదరసం. లాభం లేని ఇలాంటి సరుకును వెనక్కి తీసుకునే బాధ్యతను చట్టమే ఒకరి నెత్తిన పెట్టాలి. మన చట్టం పెట్టింది కూడా. తప్పించుకునే సందునూ అదే చూపించింది. నా కోపమంతా ఆ సందు మీదే.

2016 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సీఎఫ్‌ఎల్, ట్యూబ్‌లైట్ల వంటి పాదరసం దీపాలు చేరాయి. ఉత్పత్తిదారు సేకరణ కేంద్రాలు పెట్టాలన్నారు. కొనేటప్పుడు కొంత సొమ్ము డిపాజిట్‌గా తీసుకుని, పాతది తెచ్చిస్తే తిరిగి ఇచ్చే పద్ధతికీ వీలు కల్పించారు. ఆ మార్గాన్ని గట్టిచేయాల్సిన చోట 2022లో కొత్త నిబంధనలు తెచ్చి 2023 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. వాటి కింద పేరు నమోదు చేసుకోవాల్సింది నలుగురే: ఉత్పత్తిదారు, తయారీదారు, బాగుచేసేవారు, రీసైకిల్ చేసేవారు. ఇంటికీ కర్మాగారానికీ మధ్య నిలబడాల్సిన సేకరణ కేంద్రం ఆ జాబితాలో లేదు. కంపెనీ చేయాల్సిందల్లా రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొని తనకు పెట్టిన రీసైక్లింగ్ లక్ష్యం పూర్తయిందని చూపించడం. ఆ సర్టిఫికెట్ల లెక్క ఏ సరుకు మీద మొదలైంది? బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. నాలుగూ ధర పలికే లోహాలే. మనిషి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీసే పాదరసానికి ఆ లెక్కలో చోటు లేదు.

అలా లెక్కకు రాని పాదరసం పొద్దున్నే చెత్త ఆటో ఎక్కే పారిశుధ్య కార్మికురాలి దగ్గరికి వస్తుంది. నాలుగడుగుల ట్యూబు డబ్బాలో పట్టదు. ఎవరో దాన్ని సగానికి విరిచి ఆటోలో పడేస్తారు. తెల్లటి పొడి ఎగురుతుంది, ఆవిరి కంటికి కనిపించదు. ఇంట్లో సీఎఫ్‌ఎల్ పగిలితే చీపురుతో ఊడవొద్దని, కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లమని, తర్వాత అట్టముక్కతో ఎత్తి మూత బిగించే డబ్బాలో వేయమని జాగ్రత్తలు చెబుతారు. రోజంతా ఆ ఆటోలోనే నిలబడి చేతులతో చెత్త వేరుచేసే ఆమె ఏ కిటికీ తెరవాలి?

పురపాలక సంఘాలూ తక్కువ తినలేదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు సీఎఫ్‌ఎల్, ట్యూబ్‌లైట్లను ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర చెత్తగా పేరుపెట్టి చెప్పాయి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక జమ కేంద్రం ఉండాలన్నాయి. దాదాపు 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ పరిధికి ఆ లెక్కన ముప్పైకి పైగా కేంద్రాలు ఉండాలి. మీ ఇంటికి దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో మీ వార్డు ఆఫీసుకు వెళ్లి అడగండి.

కోట్ల ఇళ్ల నుంచి పాత దీపాలు ఎలా సేకరిస్తామని కంపెనీలు చేతులెత్తేస్తాయి. ఈ మాట అబద్ధం. ఏ ఎలక్ట్రికల్ షాపుకైనా వెళ్లి కౌంటరు కింద చూడండి. అట్టపెట్టెలో మాడిపోయిన ఎల్‌ఈడీ బల్బులు ఉంటాయి, అమ్మిన తేదీ మార్కరుతో రాసి ఉంటుంది. వారంటీలో ఉన్న ఆ బల్బులను షాపువాడు డీలరుకిస్తాడు, డీలరు కంపెనీకి పంపుతాడు. అంటే వెనక్కి వెళ్లే దారి ఇప్పటికే ఉంది. వారంటీ ఉన్నంతకాలం తెరిచి ఉండే ఆ దారి, గడువు దాటగానే మూసుకుపోతోంది.

ఇంకో సాక్ష్యం మన విజయవాడే. 2021 మార్చిలో మొదలైన గ్రామ్ ఉజాలా పథకం తొలి విడతకు ఎంచుకున్న ప్రాంతాల్లో అదొకటి. వెలుగుతున్న పాత ఫిలమెంటు బల్బు తెచ్చిస్తేనే పది రూపాయలకు ఎల్‌ఈడీ ఇస్తామన్నారు. ఆ పథకం ఖర్చు కార్బన్ క్రెడిట్ల నుంచి రాబట్టుకోవాలన్నది ఆలోచన. డబ్బు కనిపిస్తే పల్లెలో గుమ్మం గుమ్మం దగ్గరా పాత బల్బు తీసుకోగలరు. విషం ఉన్న దీపం దగ్గరికి వచ్చేసరికే దారి తెలియకుండా పోతుందా?

ఖర్చు సంగతీ చూద్దాం. గృహోపకరణాల ఈ-వ్యర్థాలకు రీసైక్లర్‌కు కిలోకు కనీసం 22 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం అంటే, పెద్ద పెద్ద కంపెనీలు భారమంటూ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. ఆ రేటు ట్యూబ్‌లైటుకు కడితే ఒక్కోదానికి నాలుగైదు రూపాయలు. నిజానికి దీపానికి అంతకన్నా ఎక్కువే కావాలి. గాలి బయటికి పోకుండా మూసిన యంత్రంలో పగలగొట్టాలి, పొడిని వేరుచేయాలి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా లాగి చల్లార్చి పట్టుకోవాలి. ఐరోపా సమాఖ్య దీపాలను విడి వర్గంగా పెట్టి, గ్యాస్ డిశ్చార్జి దీపాల నుంచి పాదరసం తీసి తీరాలని రాసుకుంది. అక్కడి పెద్ద షాపులు కొత్తది కొనకపోయినా చిన్న పాత దీపాన్ని ఉచితంగా తీసుకోవాలి.

మనకు గడువు కూడా దగ్గరపడింది. 2018లో భారత్ ఆమోదించిన, పాదరసాన్ని కట్టడి చేసే మినమాటా ఒప్పందంలోని సభ్యదేశాలు సాధారణ వాడకానికి వచ్చే ఫ్లోరోసెంట్ దీపాల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2027 నాటికి ఆపాలని 2023లో నిర్ణయించాయి. బడుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో మిగిలిన ట్యూబులన్నీ ఈ కొద్ది ఏళ్లలోనే కిందికి దిగుతాయి. అప్పటికి కంపెనీలు ఆ వ్యాపారం మూసేసి ఎల్‌ఈడీలు అమ్ముకుంటూ ఉంటాయి. అందుకే ఇప్పుడే పాదరసం దీపాలకు విడి లక్ష్యం పెట్టాలి, లోహం బరువుతో కాకుండా దీపాల సంఖ్యతో. ఇన్నేళ్లు అమ్మిన దీపాల లెక్కన కంపెనీల దగ్గర సొమ్ము ముందే జమ చేయించాలి. ఎల్‌ఈడీ అమ్మే ప్రతి షాపూ మాడిన ట్యూబును తీసుకునేలా, తెచ్చినవారికి డబ్బు తిరిగిచ్చేలా నిబంధన రాయాలి. కంపెనీలు జమ చేసిన సొమ్ములో మొదటి వాటా చెత్త ఆటో మీద పనిచేసేవారి చేతితొడుగులకు, ముఖకవచాలకు, ఏటా చేయించే వైద్య పరీక్షలకు వెళ్లాలి.