పరభాషా పాఠశాలలలో మన బిడ్డలు

ఉద్యోగార్థము అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములకు కాపురము తరలించు తెలుగు కుటుంబములు నేడు పెక్కు. జీతమునుగూర్చియు, అద్దె యింటినిగూర్చియు మాసములతరబడి విచారణ జరుగును. ఏడెనిమిదేండ్ల బిడ్డ యెరుగని భాషలో పాఠము వినవలసివచ్చునే, వానిగతి యేమి యని విచారించువారు అరుదు. విమానము దిగిన మరునాడే "ఇక నింటిలో తెలుగు కూడదు" అను శాసనము మాత్రము వెలువడును. ఈ శాసనము అవివేకమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

ఇంట తెలుగు మాటలాడినచో బిడ్డకు ఇంగ్లీషు ఆలస్యముగా వచ్చునట! బడిలోను, ఆటస్థలమునను, వీధిలోను పరభాష బిడ్డ చెవిలో మారుమ్రోగుచునే యున్నది. దానికి కొరత యేమి? భిన్నములన నేమో తెలుగులో నెరిగిన బిడ్డకు ఇంగ్లీషులో వాని పేరు నేర్పిన చాలును. ఏ భాషలోను నెరుగనివానికి విషయమునే మొదటినుండి నేర్పవలెను. తల్లి తనకు పూర్తిగా రాని భాషలో ముక్కలు ముక్కలుగా పలుకరించుటచే బిడ్డకు ఇంగ్లీషు రాదు. తల్లితో మాట మాత్రము తగ్గిపోవును.

ఈ జబ్బు అచ్చట పుట్టినది కాదు, ఇచ్చటినుండి విమానమెక్కి పోయినది. 2009లో కడపజిల్లా మైదుకూరులో తెలుగు మాటలాడిన నేరమునకు పసివారి మెడలలో పలకలు వ్రేలాడదీసిన వార్తను పాఠకులు మరచియుండరు.

క్రొత్త బడిలో తొలి మాసములు బిడ్డ నోరు విప్పకుండుట చూచి తలిదండ్రులు బెంబేలుపడుదురు. వినుచు, పోల్చుకొనుచు, పదములను లోన కూడబెట్టుకొను కాలమది, మందబుద్ధి కాదు. పిమ్మట బిడ్డ తోటివారితో గడగడ మాటలాడ నారంభింపగనే తండ్రి నిశ్చింతుడగును. అదియును పొరపాటే. ఆటలమాట రెండేండ్లలో పట్టుబడినను, చరిత్రమును శాస్త్రమును చదివి వ్రాయుటకు వలయు భాష తోటివారితో సమముగా అబ్బుటకు అయిదు మొదలు ఏడేండ్లు పట్టునని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ పరిశోధించి చూపెను. నాలుగవ యేట పరీక్షలో వెనుకబడిన బిడ్డను సోమరి యని తిట్టువారు ఈ లెక్క నెరుగవలెను.

బడులకును బాధ్యత కలదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఇంగ్లీషు రాని చీనా బాలబాలికలను సుమారు 1,800 మందిని ప్రత్యేక సహాయమేదియు లేకుండ తక్కినవారి నడుమ కూర్చుండబెట్టిరి. వారి పక్షమున నడచిన లౌ - నికల్స్ వ్యాజ్యెములో, పాఠము అర్థముకాని విద్యార్థికి అవే పుస్తకములను, అదే గురువును ఇచ్చినంతమాత్రమున సమానత్వము కాదని 1974 జనవరిలో అమెరికా సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. చీనావారు కోర్టుకెక్కి సాధించిన హక్కు అది. మనవారిలో కొందరో, బడిలో చేర్చునపుడు ఇంటిభాష యేదని యడుగు కాగితముమీద తెలుగని వ్రాయుటకు సిగ్గుపడి ఇంగ్లీషని వ్రాయుచున్నారు! బిడ్డను ప్రత్యేక తరగతిలో వేసిన పరువు పోవునట. పరువు తండ్రిది, పాట్లు బిడ్డవి.

స్వీడను దేశము 1977 సంస్కరణమునాటినుండి వలసవచ్చినవారి బిడ్డలకు ఇంటిభాష బోధించు భారమును పురపాలక సంఘములపై నుంచినది. నేడు ఒక పురమున అయిదుగురు విద్యార్థులున్నను, తగిన ఉపాధ్యాయుడు దొరికినచో, బోధన కేర్పాటు చేయవలసినదే. అయిన నడుగువారు ఉండవలదా?

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు పెద్దలలో పెక్కండ్రకు మనుమలు విదేశములలో నున్నారు. ఫోనులో వారితో వచ్చీరాని ఇంగ్లీషు పలుకుట మాని, నేడు బడిలో చెప్పిన పాఠమేమో తెలుగులో చెప్పించుకొనుడు. కుమారునకును, కోడలికిని ఆ కాగితము సంగతి ఈ యాదివారమే వ్రాయుడు.