సున్నా క్రెడిట్ల రాజ్యాంగం

ఇంజనీరింగ్ విద్య కోసం 2018లో ఎ.ఐ.సి.టి.ఇ. రూపొందించిన మాదిరి పాఠ్యప్రణాళిక భారత రాజ్యాంగాన్ని తప్పనిసరి అంశాల జాబితాలో చేర్చింది. దానికి ఇచ్చిన క్రెడిట్లు మాత్రం సున్నా. చదవడం తప్పనిసరి, కానీ లెక్కలోకి రాదు! ఈ దేశంలో ముస్లిం పౌరసత్వానికి దక్కుతున్న స్థానానికి ఇంతకన్నా సరైన పోలిక వెతకనక్కరలేదు.

పరీక్ష ముందురోజు రాత్రి 14, 15, 25 అధికరణాలను వల్లెవేసిన విద్యార్థికి, పేరు వినగానే తన సహాధ్యాయికి అద్దె ఇల్లు ఎందుకు నిరాకరించారో తోచదు. అది అతని తప్పు కాదు. ఆ రెంటికీ సంబంధం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

‘అది పొలిటికల్ సైన్సు వారి పని, మా సబ్జెక్టులో మతం ప్రసక్తి ఎందుకు?’ అని తప్పుకునే అధ్యాపకులున్నారు. వారిని సూటిగా అడగాలి. సంఖ్యాశాస్త్రం బోధించేవారికి 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కనబడదా? 2001 జనగణన ప్రకారం జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఎ.ఎస్.లో 3 శాతమేనని ఆ నివేదిక తేల్చింది. ఈ అంతరం యాదృచ్ఛికమా, కాదా? ఇంతకన్నా మంచి అభ్యాసం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘నెగటివ్ జోన్లు’గా గుర్తించి, అక్కడ రుణాలు తేలికగా ఇవ్వడం లేదని కూడా అదే నివేదిక నమోదు చేసింది. ఆ మాట దాటవేసి రుణవితరణ పాఠం చెప్పే కామర్స్ అధ్యాపకుడు సగం బ్యాంకింగే చెబుతున్నాడు. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను పోలీసులు వాడటంపై తెలంగాణ హైకోర్టుకు వ్యాజ్యం వెళ్లింది. ఆ సాఫ్ట్‌వేర్ రాయడం నేర్చుకునేవారు ఆ వ్యాజ్యాన్నీ చదవవద్దా? 1991లో ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ వెలువడిన భాషలో, ముస్లింవాద కవిత్వం ఊసెత్తకుండా ఆధునిక కవిత్వ చరిత్ర ముగించడం ఏ సాహిత్య నీతి?

మనం కోరుతున్నది మన గొప్పలు చెప్పే ప్రత్యేక అధ్యాయం కాదు. ఉన్న పాఠాన్నే పూర్తిగా చెప్పమంటున్నాం. ఇది అసాధ్యమేమీ కాదు. జెండర్ అంశంపై ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం తెలుగు, ఇంగ్లీషు భాషల్లో పాఠ్యపుస్తకమే వచ్చింది. సంకల్పం ఉన్నచోట సిలబస్ అడ్డు రాలేదు.

ఇక ఇంటి సంగతి. 30వ అధికరణం ఇచ్చిన హక్కుతో నడుస్తున్న మన మైనారిటీ కళాశాలలు ఏం చేస్తున్నాయి? గుర్తింపు పత్రం కోసం రాజ్యాంగాన్ని ఆశ్రయించే యాజమాన్యాలు, తరగతి గదిలో ఆ పీరియడ్‌ను ఖాళీగా ఉన్న ఏ అధ్యాపకుడికో అప్పగిస్తున్నాయి. ప్రశ్నించే విద్యార్థిని క్రమశిక్షణ పేరుతో నోరు నొక్కడంలో మనవారు ఎవరికీ తీసిపోవడం లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. పద్దెనిమిదేళ్ల యువతి శాసనసభ్యుణ్ణి ఎన్నుకోవచ్చు, తన కళాశాల ప్రతినిధిని ఎన్నుకోలేదు. ఆ ఎన్నికలు మైనారిటీ కళాశాలల్లో జరపమని మనలో ఎందరు అడిగారు?

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ఉత్తీర్ణతా శాతం, ఉద్యోగాల లెక్కలు అడిగి ఊరుకోకండి. రాజ్యాంగ పాఠం ఎవరు చెబుతున్నారు, ఎన్ని గంటలు చెబుతున్నారు, మిగతా అధ్యాపకులు తమ సబ్జెక్టుల్లో దాన్ని ఎక్కడ ప్రస్తావిస్తున్నారు అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.