వైశాలి పిల్లలూ ప్రవాసులే

ప్రవాస తెలుగు పిల్లలంటే మన పత్రికలకూ నాయకులకూ డాలస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. ఢిల్లీ మెట్రో బ్లూలైన్ ఒక కొసన, ఉత్తరప్రదేశ్ గడ్డమీదున్న వైశాలి గుర్తుకు రాదు. ఢిల్లీ, నోయిడాల్లో ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఘజియాబాద్ జిల్లాలోని ఇలాంటి కాలనీల్లో అద్దెకుంటున్నాయి. సొంత దేశమే కదా అనుకుని ఆ ఇళ్లలోని పిల్లల సంగతి అందరం మరిచిపోయాం. భాష వరకు వాళ్లూ విదేశంలో పెరుగుతున్నట్టే లెక్క. బడిలో హిందీ, ఇంగ్లిషు. పార్కులో హిందీ. తెలుగు ఇంటి గడప లోపలే. అదీ ‘అన్నం తిన్నావా, హోంవర్కు అయిందా’ దగ్గర ఆగిపోతుంది. తాతయ్యతో ఫోన్లో తెలుగులో మాట్లాడగలిగే పిల్ల కూడా ఆయన తెలుగులో పంపిన వాట్సాప్ సందేశం చదవలేదు.

అమెరికాలో ఈ లోటును పెద్దలు గుర్తించారు కనుకనే 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలైంది. మారిషస్ సంగతి మరీ చెప్పుకోదగ్గది. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువారి వారసులు అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగును ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. ఆ దీవి జనాభాలో తెలుగువారు చిన్న భాగమే. కొద్దిమంది పిల్లల కోసం ఇదంతా అయ్యే పనేనా అనేవారు ఆ బడులను చూడాలి. ఢిల్లీలోనూ ముందుచూపు లేకపోలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లోనే ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. దాని బడుల్లో తెలుగు చెబుతారు. కానీ అప్పటికి వైశాలి లాంటి కాలనీలే లేవు. నగరం యమున దాటి పొరుగు రాష్ట్రంలోకి విస్తరించింది, తెలుగు చదువు మాత్రం దాని వెంట రాలేదు.

ఉన్న చదువులే బరువు, పైగా తెలుగా అని తల్లిదండ్రులే అంటారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ ఈ కుటుంబాల్లో చాలావాటికి ఢిల్లీ శాశ్వతం కాదు. బదిలీ అవుతుంది, కంపెనీ మారుతుంది, హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం సీబీఎస్ఈ బడుల్లో సైతం పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఏ ఏడో తరగతిలోనో అక్కడ చేరిన పిల్లవాడు తోటివాళ్లు పద్యం చదువుతుంటే అక్షరాలు దిద్దాలి. ఆ వయసులో అది ఎంత నామోషీయో వేరే చెప్పాలా? ఇలాంటి పిల్లల ఇబ్బంది చూసే తెలంగాణ ప్రభుత్వం 2025లో 9, 10 తరగతులకు ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకానికి అనుమతిచ్చింది. మంచి నిర్ణయమే. అయితే అది తిరిగొచ్చాక దొరికే ఊరట. బయట ఉన్న ఏళ్లలో వారానికి రెండు గంటలు నేర్పించి ఉంటే ఆ పిల్లవాడికి అంత బరువు మోసే అవసరమే ఉండదు.

మరి నేర్పించాల్సింది ఎవరు? భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణ రాష్ట్రాలకు చెబుతోంది. ఆ లెక్కన బాధ్యత ఉత్తరప్రదేశ్‌ది. వాస్తవం వేరు. బడికొకరు, ఇద్దరుగా చెదిరి ఉన్న పిల్లల కోసం ఏ ప్రైవేటు యాజమాన్యమూ తెలుగు టీచరును పెట్టుకోదు. సీబీఎస్ఈ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటిగా రెండు తెలుగు పాఠ్యాంశాలున్నా, చెప్పేవారు లేనిచోట అవి జాబితాకే పరిమితం. కాబట్టి తెలుగును బడుల్లో తప్పనిసరి చేసిన ప్రభుత్వమే, దానితోపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ముందుకు రావాలి. ఢిల్లీలో భవన్లు నడుపుతున్న రెండు రాష్ట్రాలకు వైశాలి చుట్టుపక్కల ఒక హాలు, ఇద్దరు ఉపాధ్యాయులు భారం కాదు. ఆన్‌లైన్ పాఠాలున్నాయిగా అనవచ్చు. అక్షరాలకు అవి చాలు. తెలుగులో పోట్లాడుకుని, తెలుగులోనే రాజీపడే మరో పిల్ల తెర మీద దొరకదు.

ఈ చదువుకు గుర్తింపు తేవడమూ కష్టం కాదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ప్రధాన కార్యాలయం వైశాలికి దగ్గర్లోనే, నోయిడా సెక్టార్ 62లో ఉంది. పదో తరగతి స్థాయిలో అది తెలుగును ఒక సబ్జెక్టుగా అందిస్తోంది. రెండు విద్యాశాఖలూ దానితో ఒప్పందానికొస్తే, ఏప్రిల్‌లో ఇక్కడి బడులు కొత్త సంవత్సరం మొదలుపెట్టేనాటికి ఆదివారం తరగతులు తెరవవచ్చు.