శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్ యాజమాన్యానికి



ఐ-లీగ్‌లో మనకు 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానమే. అప్పట్లో ఛాంపియన్‌కి తప్ప ఇంకెవరికీ పై లీగ్ అయిన ఐఎస్ఎల్‌లోకి ప్రమోషన్ ఉండేది కాదు. రెండోవాళ్లకు మిగిలింది చప్పట్లే.

ఆ సీజన్లలో గోల్ కావాలంటే డేవిడ్ కాస్తనెడా వైపే చూశాం. ఆ కొలంబియా స్ట్రైకర్ మీద నాకేం ఫిర్యాదు లేదు, నిజానికి అతనంటే అభిమానం. కానీ అవతలివాళ్లు అతనికి ఇద్దరు డిఫెండర్లను కాపలా పెట్టారంటే మన దాడి చప్పబడిపోయేది. బంతి వింగ్‌కి వెళ్లేది, తిరిగి మిడ్‌ఫీల్డ్‌కి, అక్కణ్ణుంచి మన గోల్‌కీపర్ దగ్గరికే!

1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరండీ మన హైదరాబాద్. అజీజ్‌నగర్‌లో మీకు సొంత మైదానం ఉంది, అకాడమీ ఉంది. ఒక్కరి మీదే ఆధారపడకుండా, ఆ అకాడమీ నుంచి ఒక కుర్రాణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ఎంచుకుని, సొంతగడ్డపై జరిగే ప్రతి మ్యాచ్‌లోనూ చివరి అరగంట ఆడించండి. ఆ కుర్రాడి పేరు సీజన్ మొదలవకముందే ప్రకటించండి.

ఇట్లు,
హైదరాబాద్ అభిమాని