చెరువు తరఫున ఏజీ దావా వేయాలి

మురుగు చెరువు గురించి ఎవరికి ఫిర్యాదు చేశారని బెంగళూరు సర్జాపుర రోడ్డు వెంబడి స్థిరపడిన తెలుగువారిని అడిగితే పాలికె, జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి, రెవెన్యూ కార్యాలయం అని వరసగా చెబుతారు. అడ్వకేట్ జనరల్ (ఏజీ)కు రాశామనే మాట వినిపించడం అరుదు. తప్పు వారిది కాదు. హైకోర్టులో ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చే న్యాయవాదిగా తప్ప ఆ పదవి జనానికి కనిపించలేదు.

చట్టం మాత్రం ఆయనకు మరో పనీ అప్పగించింది. ప్రజలందరికీ హాని చేసే పనిని ఆపించేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద ఏజీ స్వయంగా దావా వేయవచ్చు. ప్రత్యేకంగా ఫలానావారికి నష్టం జరిగిందని చూపనక్కర్లేదు. 1908 నాటి చట్టం ప్రకారం పౌరులు అలాంటి దావా వేయాలంటే ఆయన రాతపూర్వక అనుమతి కావాలి. 1976 సవరణతో ఆ అనుమతిచ్చే అధికారం కోర్టుకు వెళ్లింది. ఏజీ సొంత అధికారం అలాగే ఉంది.

నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్. తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. ఆ రాజ్యాంగంలోని 165వ అధికరణం ప్రకారం గవర్నర్ ఇష్టమున్నంత కాలమే ఏజీకి పదవి. ఆచరణలో అది మంత్రివర్గం ఇష్టం. పదవి పాలకుల చేతిలో ఉన్నప్పుడు పాలకుల నిర్లక్ష్యం మీద దావా వేసే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

అమెరికాలో మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ 1994లో సిగరెట్ కంపెనీలపై దావా వేశారు. పొగవల్ల జబ్బుపడిన పేదల వైద్యానికి రాష్ట్రం పెట్టిన ఖర్చు కక్కమన్నారు. ఆ కేసు ఆపించాలని సొంత రాష్ట్ర గవర్నరే కోర్టుకెక్కారు, అయినా మూర్ వెనక్కి తగ్గలేదు. 1998లో కంపెనీలు మరో 46 రాష్ట్రాలతో రాజీకి వచ్చి, పాతికేళ్లలో 20 వేల కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ పదవికి ఎన్నికలుంటాయి. ఇక్కడా ఎన్నికలు పెట్టాలని మేం అనడం లేదు, వాటి చెడు వాటికుంది.

2017 ఫిబ్రవరిలో బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు తగలబడినప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టింది. 2018 డిసెంబరులో రాష్ట్రానికి 50 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది జనం కట్టిన పన్నుల్లోంచి పోయే డబ్బే. చెరువులోకి మురుగు వదిలినవారిపై, రాజకాలువలను కబ్జా చేసినవారిపై ఏజీ ముందే దావా వేసి తాత్కాలిక నిషేధాజ్ఞ తెచ్చి ఉంటే భారం వారిపైనే పడేది.

కర్ణాటక ఏజీ కార్యాలయం 91వ సెక్షన్ ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం తెరవాలి. ఏ ఫిర్యాదుకైనా మూడు నెలల్లో కారణాలతో రాతపూర్వక జవాబివ్వాలి. నిందితులు ప్రభుత్వ శాఖలే అయితే నిర్ణయాన్ని బయటి సీనియర్ న్యాయవాదికి అప్పగించాలి. ఇందుకు రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేదు. ఈ వానాకాలం లోపే మొదలుపెట్టవచ్చు.