ఊరి నడుమ బాడిగ ఇండ్లు

తేరుపేటలోనూ, నేతాజీ రోడ్డు వెనక సందుల్లోనూ పాత పెంకుటిండ్లు ఒక్కొక్కటిగా పోతున్నాయి. వాటి చోట మూడు నాలుగు అంతస్తుల మిద్దెలు లేస్తున్నాయి. కింద అంగళ్లు, పైన ఒక గది, వంటిల్లు ఉండే చిన్న చిన్న బాడిగ ఇండ్లు. గేటుకు టు లెట్ అట్ట వేలాడుతూ ఉంటుంది. మన హోసూరులో పెద్దవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే మాట: "ఊరు మన చేతిలో లేదు, అంతా బయటోళ్లే వచ్చుండారు." మన తరగతిలో కూడా ఈ మాట అన్నవాళ్లు ఉన్నారు. నాకు దీనితో పేచీ ఉంది. ఇండ్లు కట్టనీ అంటాను. కట్టిన ఇంట్లోకి ఎవరిని రానిస్తారు, ఏ షరతు మీద రానిస్తారు అన్నది మనం అడగాల్సిన సంగతి.

బయటోళ్లు అనే మాట ఈ ఊళ్లో ఎవరు ఎవరిని అనాలి? మార్కెట్టులో పది నిమిషాలు నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ చెవిన పడతాయి. 1970లలో సిప్కాట్ వచ్చినప్పటి నుంచి ఊరు బాడిగకొచ్చిన వాళ్లతోనే పెరిగింది. టైటన్ కంపెనీ మొదటి రోజుల్లో బడి ముగించిన పల్లెటూరి పిల్లలను పనిలోకి తీసుకొని, ఊళ్లోనే ఇండ్లలో ఉంచి, వాళ్లను కనిపెట్టుకోను అమ్మానాయనల్లాంటి పెద్దవాళ్లను కూడా పెట్టింది. ఆ కాలంలో బాడిగకొచ్చిన వాళ్లలో ఎందరో ఇప్పుడు సొంత ఇల్లు కట్టి, మేడ మీద టు లెట్ అట్ట తగిలించి, వచ్చే పిల్లను చూసి బయటోళ్లు అంటున్నారు. నవ్వాలో ఏమో.

ఇండ్లు ఊరి నడుమనే ఎందుకు రావాలి అంటే, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో సిప్కాట్ వాళ్లు 18,720 మంది ఆడ కార్మికులు ఉండేట్టు పెద్ద హాస్టలు కట్టారు. 2024 ఆగస్టులో తెరిచారు. అంతమందికి ఒక గూడు దొరికింది, మంచిదే. అయితే అది పారిశ్రామికవాడ లోపల ఉంది. గది, బస్సు, ఫ్యాక్టరీ, మళ్లీ బస్సు, మళ్లీ గది. జీతం చేతికొచ్చిన పిల్ల ఆదివారం పూట మూర పూలు కొని, జాకెట్టు కుట్టను ఇచ్చి, గుడికో సినిమాకో పోయి రావాలంటే ఊరు కావాలి. సాయంత్రం షిఫ్టు ముగించుకొని బస్టాండులో దిగిన పిల్లకు అంగళ్లు తెరిచున్న వీధిలో ఐదు నిమిషాలు నడిస్తే ఇల్లు వస్తుంది అంటే, అంతకన్నా కావలి ఏముంది? గేటుకు తాళం వేయడమే కావలి అనుకునే వాళ్లు రాత్రి తొమ్మిదిన్నరకు ఆ తాళానికి బయట నిలబడి చూడాలి.

ఇంక ఇండ్లు చూడను పోయినప్పటి సంగతి. మన హాస్టలు సీట్లు చాలక బయట గది వెతికిన వాళ్లకు ఈ ప్రశ్నలు నోటికి వచ్చేసి ఉంటాయి. "మీరేమోళ్లు?" మొదటిది. "నీసు వండుతారా?" రెండోది. "ఎవరెవరు వచ్చిపోతారు?" మూడోది. ఇవన్నీ అయినాక అడ్వాన్సు: బెంగళూరు లెక్కన పది నెలల బాడిగ. ఖాళీ చేసేటప్పుడు సున్నం కొట్టించాలని ఒక నెల బాడిగ పట్టుకుంటారు. కాగితం మాత్రం ఉండదు, అంతా నోటి మాటే. తెలుగోళ్లమని చెప్తే మన వీధుల్లో తలుపు కాస్త సులువుగా తెరుచుకుంటుంది. దానికి మురిసిపోయే వాళ్లున్నారు. జార్ఖండ్ నుంచి ఫ్యాక్టరీకి వచ్చిన పిల్ల ముందు మూసుకునేది ఆ తలుపే కదా.

కొత్త మిద్దెల వల్ల నష్టపోయిన వాళ్లు లేరని నేను అనను. పాత పెంకుటింట్లో ఏండ్లుగా తక్కువ బాడిగకు ఉన్న పూలు కట్టే అమ్మ, ఇస్త్రీ బండి ఆయన ఊరి అంచుకు పోవాల్సి వస్తుంది. వాళ్లు పొద్దున మార్కెట్టుకు రావాలంటే ఇప్పుడు బస్సు ఛార్జీ. ఒక్కో గదికి నలుగురు పిల్లలు కలిసి ఇచ్చే బాడిగను ఒక సంసారం ఇవ్వలేదు. దీనికి ఇంటి ఓనర్ల దయ మీద ఆధారపడితే కాదు. పట్టణాల్లో చవక బాడిగ ఇండ్ల కోసమని కేంద్రం 2020లో ఒక పథకం తెచ్చింది. 2019లో కార్పొరేషన్ అయిన మన ఊరు కూడా బస్టాండుకు నడిచే దూరంలో తన సొంత స్థలంలో కొన్ని బాడిగ ఇండ్లు కట్టి చూపాలి. అన్నీ కాంప్లెక్సులే ఎందుకు?

చట్టం లేక కాదు ఈ అవస్థ. తమిళనాడులో ఇంటి ఓనరు, బాడిగదారు హక్కుల చట్టం 2017లో వచ్చింది, 2019 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయాలి. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు రాసి తెలపాలి. కోపం వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. అడ్వాన్సు మూడు నెలల బాడిగకు మించకూడదు. ఇద్దరూ వేరేగా రాసుకుంటే తప్ప అని ఒక సందు మాత్రం వదిలారు. పది నెలల అడ్వాన్సు దూరేది ఆ సందులోంచే. ఆడపిల్లల హాస్టళ్లకైతే 2014 నాటి వేరే చట్టం ఉంది, లైసెన్సు లేకుండా నడపకూడదు. పీజీ అని బోర్డు పెట్టిన మిద్దెలో చేరే ముందు "లైసెన్సు ఉందా ఆంటీ?" అని అడగండి. ఆమె కోపగించుకుంటే అదే జవాబు.

వచ్చే నెల గదులు మారే వాళ్లు మనలో కొందరున్నారు. బాడిగ ఒప్పందంలో ఏమేమి రాయించుకోవాలో తెలుగులో ఒక కాగితం రాసి ఈ పత్రిక కింద అతికించాను. బాడిగ ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు, నీళ్లకు ఎవరు కట్టాలి, సున్నం ఖర్చు ఎవరిది. ఫోటో తీసుకొని పోండి, చించుకొని పోవద్దు.